తిట్టుకు తండ్రెవరు?

నెగడులో ఇంకో రెండు చితుకులు వేసి ఇలా దగ్గరికి జరుగు నాయనా. ఈ ముచ్చట కాస్త పొడుగు, నీకు ఆవులింతలొచ్చినా నేను ఆపను. పొద్దుటినుంచీ ఆ స్పెయిన్ సిరీస్ చూస్తూ ఒకటే నవ్వు. వాళ్లు మాట్లాడింది ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మాటిమాటికీ వాళ్ల నోట దొర్లే తిట్టు మాత్రం నీ నాలిక్కి పట్టేసింది. అన్నం తింటూ కూడా అదే గొణిగావు. హిలిపోయాస్! మీ నానమ్మ అదేదో మిఠాయి పేరనుకుంది కాబట్టి బతికిపోయావు. అసలు సంగతి తెలిసుంటే నీ కంచంలో పెరుగు పడేది కాదు. మంచి మాట నేర్పితే నెలకి గానీ ఎక్కదు, తిట్టు మాత్రం విన్న పూటే వచ్చేస్తుంది. నిన్నని లాభం లేదులే. మీ నాన్నా అంతే, నేనూ అంతే.

ముందు అర్థం చెబుతా. పైపైన చూస్తే వెర్రివెంగళప్ప అని. కానీ వెర్రిలో రకాలున్నాయి కదా! లోకం తెలియని అమాయకుడు వేరు, ఎంత చెప్పినా ఎక్కని మొద్దు వేరు, తిక్కసన్నాసి వేరు. ఈ హిలిపోయాస్ ఉన్నాడే, వాడు తెలివితక్కువవాడని ఊరంతటికీ తెలుసు, వాడొక్కడికే తెలియదు. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాణ్ణి గదమాయిస్తాడు. రాని పద్యానికి అర్థం చెబుతాడు. దారికి తన బండి అడ్డంపెట్టి, పక్కకి తియ్యమన్నవాణ్ణే కసురుతాడు. ఇలాంటివాడు ఒకడున్నా పదిమందున్నా స్పానిష్‌లో మాట రూపం మారదు, ఏకవచనం బహువచనం రెండూ ఒకటే. చిన్ననాటి స్నేహితుడు భుజమ్మీద చెయ్యేసి అంటే అది ముద్దు. రోడ్డుమీద ముక్కూమొహం తెలియనివాడు కారు అద్దం దించి అంటే కొట్లాట.

ఇక పుట్టుక. నది పుట్టుక, ఋషి పుట్టుక అడగకూడదన్నారు పెద్దలు. తిట్టు పుట్టుక అడగొద్దని ఎవరూ అనలేదు కనక స్పెయిన్ వాళ్లు తెగ అడిగారు. అడిగినవాళ్లకి మద్రీదు నగరం చెప్పే సమాధానం ఒకటుంది. వింటే నీకు మన పక్కింటి కథలాగే ఉంటుంది.

1561లో రెండో ఫిలిప్ రాజు తన దర్బారుని మద్రీదుకి మార్చాడు. అప్పటిదాకా అదొక మామూలు ఊరు. దొరలు, గుమాస్తాలు, తాకట్టు వ్యాపారులు, పనీపాటా లేనివాళ్లు అందరూ వచ్చిపడ్డారు. 1601లో మూడో ఫిలిప్ కొలువంతా మూటగట్టుకుని వయ్యదొలీదుకి వెళ్లాడు, 1606లో మళ్లీ మద్రీదుకే తిరిగొచ్చాడు. ఆ రాకపోకల్లో ఇళ్లస్థలాలమీద ఎవరెవరు ఎంత వెనకేసుకున్నారో చెప్పాలంటే ఇంకో రాత్రి పడుతుంది. మన కథకి కావలసింది ఆ కొలువులో ఒక పెద్ద న్యాయాధికారి, తరవాత రాజు ఖజానా వ్యవహారాలు కూడా చూసినవాడు. పేరు బల్తసార్ హిల్ ఇమోన్ దె లా మోతా. నిజమైన మనిషే. ఇప్పటికీ మద్రీదులో శాన్ ఫ్రాన్సిస్కో పెద్ద చర్చి దగ్గర ఆయన పేరుతో ఒక వీధుంది.

ఆయనకి కూతుళ్లున్నారట. ఇద్దరంటారు కొందరు, ముగ్గురంటారు కొందరు. కథలో ఆడపిల్లల సంఖ్య చెప్పేవాడి ఇష్టం. పిల్లలు అందగత్తెలూ కారు, గడసరులూ కారు, సంబంధం ఒక్కటీ కుదరలేదు. పాపం ఆ తండ్రేం చేస్తాడు? విందు ఉందంటే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాడు, తిరునాళ్లకీ అంతే, షికారుకీ అంతే. ఆ రోజుల్లో పడుచుపిల్లని పెట్టపిల్ల అనే అర్థంలో 'పోయా' అనేవారు. వాళ్లు గుమ్మంలో కనపడగానే కుర్రకారు మోచేతులు పొడుచుకుని, అదుగో హిల్‌గారూ ఆయన పెట్టపిల్లలూ వచ్చారర్రా, అనేవారట. హిల్ ఇ పోయాస్. అదే నలిగి నలిగి హిలిపోయాస్ అయిందట. తెలివిలేనివాణ్ణి చూస్తే ఆ తండ్రీకూతుళ్లు గుర్తొచ్చి ఊరంతా ఆ మాటే వాడిందట.

నవ్వుతున్నావా? మా కాలంలో అయితే నవ్వేవాడివి కాదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. జాతకాల కట్ట చంకలో పెట్టుకుని ఊళ్లు పట్టుకు తిరిగిన తండ్రులు నాకు తెలుసు. ఎవరింట పెళ్లయినా ఆడపిల్లకి ఉన్నంతలో మంచి చీర కట్టించి ముందువరసలో కూర్చోబెట్టేవారు. ఎవరి కన్నైనా పడకపోతుందా అని ఆశ. వెనక కూర్చున్న మేం గుసగుసలాడేవాళ్లం. స్పెయిన్‌లోనూ అదే తంతు. కట్నాన్ని వాళ్లు దోతే అంటారు. కాకపోతే ఆ రోజుల్లో ఒక మంచి కట్టుబాటుండేది. ఆ సొమ్ము చట్టప్రకారం భార్యదే, మొగుడు చూసుకోవచ్చు గానీ మింగకూడదు. పెళ్లికొడుకు కూడా తన ఆస్తిలో పదోవంతుకి మించకుండా పెళ్లికూతురికి రాసిచ్చేవాడు. పెళ్లి కుదరక పిల్లని సన్యాసినుల మఠంలో చేర్చాలన్నా అక్కడా కట్నమే, కాస్త తక్కువ. కట్నాలు పెరిగిపోయి కాపురాలే కుదరడం లేదని 1623లో నాలుగో ఫిలిప్ కట్నాలకి హద్దు పెడుతూ శాసనం చేశాడు. అదే శాసనంతో మెడచుట్టూ పెట్టుకునే పెద్ద పెద్ద కుచ్చుల కాలర్లు కూడా మానెయ్యమన్నాడు. కాలర్లు మానేశారు. కట్నాలు మానేశారా? మనకి 1961లో చట్టం వచ్చింది, ఎవరు మానేశారో నువ్వే చెప్పు.

ఆ కాలంలో ఆడామగా ఎదురుపడేదే తక్కువ. ఇంట్లో ఆడవాళ్లు అరబ్బుల అలవాటు ప్రకారం తివాచీలమీద దిండ్లు వేసుకుని కూర్చునేవారు, చాక్లెట్ కాచుకుని తాగేవారు. నాటకశాలకి వెళ్తే మగవాళ్లు కింద ముంగిట్లో నిలబడాలి, ఆడవాళ్లకి వెనక పైన వేరే కొట్టం. ఆ కొట్టాన్ని 'కసువేలా' అనేవారు, అంటే వంటపాత్ర. అందులో ఇంకో నలుగురిని ఇరికించడానికి, సర్దుకోండమ్మా అంటూ నెట్టడమే పనిగా ఒక ఉద్యోగి ఉండేవాడు. మన పండగరోజు బస్సు కండక్టరే అనుకో. రాత్రయితే మేడమీంచి, నీళ్లొస్తున్నాయహో అని కేకేసి మురికినీళ్లు వీధిలోకి కుమ్మరించేవారు. తలెత్తి చూసినవాడి పని అంతే.

ధరలు కూడా విను, నాకు ధరలు చెప్పందే కథ అరగదు. 1605లో దోన్ కిహోతే నవల మొదటి భాగం అచ్చయినప్పుడు దానికి సర్కారువారు కట్టిన వెల రెండువందల తొంభైన్నర మరవేదీలు. ఎలాగంటే, ఫారానికి మూడున్నర చొప్పున 83 ఫారాలు. ముప్ఫైనాలుగు మరవేదీలైతే ఒక రియాల్, అంటే దగ్గరదగ్గర ఎనిమిదిన్నర రియాళ్లు. అదీ ఉత్త కాగితాలకే, అట్ట నువ్వే వేయించుకోవాలి. ఈ దోన్ కిహోతే పేరు గుర్తుపెట్టుకో, కాసేపట్లో మనకి పనికొస్తాడు.

ఎక్కడున్నాం? ఆఁ, హిల్ దొరగారి దగ్గర. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. ఈ కథ బాగానే అతికింది గానీ, వెనక్కి తిప్పి చూస్తే కుట్లు కనిపిస్తాయి. ఆ దొర మద్రీదులో తిరుగుతున్న రోజుల్లోనే అక్కడ క్వెవేదో అనే కవి ఉండేవాడు. ఒకడి ముక్కు పెద్దదని ఆ ముక్కుమీదే పద్యం కట్టిన నోరది. అంత మంచి తిట్టు వీధిలో తిరుగుతుంటే ఆయన వదిలిపెడతాడా? ఆయన రాతల్లో ఎక్కడా ఈ మాట లేదు. స్పానిష్ అకాడమీవారు 1726 నుంచి 1739 దాకా ఆరు సంపుటాల మహానిఘంటువు వేశారు, అందులోనూ లేదు. ఈ తిట్టు కాగితమ్మీద కనిపించేసరికి ఆ దొర పోయి రెండొందల ఏళ్లు దాటింది. రెండు శతాబ్దాలు ఊరంతా అన్న మాట ఒక్కడూ రాసుకోలేదంటే నమ్ముతామా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇక్కడ అదీ తిరగబడింది. కొడుకు పుట్టి పెరిగాక, తండ్రి కావాలని ఎప్పుడో పోయిన పెద్దమనిషి పేరు తెచ్చి తగిలించారు.

ఇంకో వర్గం ఉంది. వాళ్లు దొరని వదిలేసి ఒట్టి పేరుని పట్టుకున్నారు. హిల్ అనేది పాత స్పానిష్ నాటకాల్లో గొర్రెలకాపరికి పెట్టే పేరు, మనం పల్లెటూరివాడి పాత్రకి ఎంకయ్యో పుల్లయ్యో అని పెట్టినట్టు. 1615లో తిర్సో దె మొలీనా నాటకం ఒకటొచ్చింది, ఆకుపచ్చ లాగుల దోన్ హిల్ కథ. అందులో ఒక పిల్లకి తండ్రి ఈ పేరుగల సంబంధం తెస్తే, హిల్ ఏమిటి, గొల్లపాటల్లో పేరు, అని మూతి విరుస్తుంది. కాబట్టి వెర్రిబాగుల హిల్ నుంచే తిట్టు వచ్చిందని వీళ్ల వాదన. ఇందులో కొంత పస లేకపోలేదు. పేరులో ఆ వెక్కిరింత ముందే ఉండబట్టి తరవాతొచ్చిన మాటకి అది తోడయ్యుండొచ్చు.

ఇక పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకున్నదీ, స్పానిష్ అకాడమీ నిఘంటువులో ఎక్కిందీ మూడోది. నువ్వు ఈ మాట దగ్గర నిద్రపోయావంటే మొట్టికాయ వేస్తాను, ఎందుకంటే ఇక్కడే మన గడప తగులుతుంది.

స్పెయిన్‌లో హితానోలని ఒక జనం ఉన్నారు. గుర్రాల బేరాలు, కమ్మరిపని, పాట, ఆట వాళ్ల బతుకు. ఫ్లమెంకో అంటూ లోకమంతా చప్పట్లు కొడుతుందే, అందులో సగం ప్రాణం వాళ్లదే. వాళ్లు స్పెయిన్‌లో అడుగుపెట్టిన తొలి దాఖలా 1425ది. అరగాన్ రాజు అయిదో అల్ఫోన్సో వాళ్ల నాయకుడికి దారిలో ఎవరూ అడ్డుపెట్టొద్దని పత్రం రాసిచ్చాడు. వాళ్లు ఈజిప్టు నుంచి వచ్చారనుకున్నారు, ఈజిప్టువాడు అన్న మాటే అరిగి హితానో అయింది. ఈజిప్టూ కాదు, ఏమీ కాదు. వాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట మన దేశంలోంచి పడమటికి నడిచివెళ్లిన జనం. 1782లో రూడిగర్ అనే జర్మన్ పండితుడు వాళ్ల రోమానీ భాషని హిందుస్తానీ పక్కన పెట్టి చూసి ఆ సంగతి అచ్చులో రాశాడు. జనం పుట్టుకే తప్పు రాసుకున్న ఊరు, వాళ్ల మాట పుట్టుక సరిగ్గా రాసుకుంటుందా?

1425లో స్వాగతమైతే 1499లో వాత. అరవై రోజుల్లో స్థిరంగా ఒకచోట కుదురుకుని ఎవరోఒకరి కింద పనికి చేరండి, లేదా దేశం వదలండి, లేకపోతే వంద కొరడాదెబ్బలు అన్నారు. 1633లో నాలుగో ఫిలిప్ వాళ్ల వేషం, వాళ్ల భాష, చివరికి హితానో అన్న పేరు కూడా ఉండకూడదన్నాడు. 1749లో ఒకే రోజున దేశం నాలుగుమూలలా వలపన్ని ఆడా మగా పిల్లా తేడా లేకుండా వేలమందిని పట్టి బంధించారు. భాష నలిగిపోయింది. మిగిలిన మాటలు స్పానిష్ వ్యాకరణం తొడుక్కుని 'కలో' అనే యాసగా బతికాయి. కుండకి మూకుడుంది గానీ ఊరి నోటికి మూకుడు లేదు కదా. ఏ మాటలు నిషేధించారో అవే మద్రీదు వీధుల్లో కుర్రాళ్లకి ముద్దొచ్చాయి. కుర్రాణ్ణి చవాల్ అంటారు, అది మన శాబకానికి చుట్టం. వలపుమాటలతో బుట్టలో వేసుకోవడాన్ని కమెలార్ అంటారు, అందులో ఉన్నది మన కామమే.

అలా వచ్చినదే హిలీ. కలోలో హిల్ అంటే చల్లన, తాజా. హిలీ అంటే లోకం సోకని పచ్చివాడు, అమాయకుడు. దానికి మూలం రోమానీలో శిల్, అంటే చలి. దాని వెనక ఉన్నది మన శీత, శీతల శబ్దాల వంశం. శీతాకాలం అంటామే, ఆ శీతమే. మరి శ కాస్తా హ ఎలా అయిందంటావు. దోన్ కిహోతేని గుర్తుపెట్టుకోమన్నానా! సెర్వాంతెస్ ఆ నవల రాసిన రోజుల్లో ఆ పేరు కిషోతే అనే పలికేవారు. ఆ తరవాత స్పానిష్‌లో ష ధ్వని గొంతులోకి జారి హ అయింది. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ పాత పద్ధతిలో కిషోత్ అంటారు. అదే జారుడు ఈ మాటకీ పట్టింది.

ఇంక మిగిలింది తోక. పోయా అంటే మొదట పెట్టపిల్ల, తరవాత పడుచుపిల్ల. పందొమ్మిదో శతాబ్దంలో షోకిల్లారాయుళ్లని 'పోయో' అనీ, అమ్మాయిలని పోయా అనీ పత్రికల్లోనే రాసేవారు. రొమేరో రొబ్లేదో అనే రాజకీయ నాయకుణ్ణి అంతెకేరా పోయో అని ముద్దుగా పిలిచేవారు. అదే మాట గుట్టుగా ఇంకో అర్థం తెచ్చుకుంది, మగవాడి దాపరికపు అంగం. ఆ అర్థం వచ్చి కూర్చున్నాక మిగతా అర్థాలు స్పెయిన్‌లో లేచి వెళ్లిపోయాయి. తిట్టుకి ఘాటు చాలకపోతే దీన్ని చివర తగిలించడం వాళ్ల అలవాటు. తోంతో అంటే మూర్ఖుడు, తోంతోపోయాస్ అంటే కారం దట్టించిన మూర్ఖుడు. హిలీకీ అలాగే తగిలించారు. దీనికి దొరా అక్కర్లేదు, దొరగారి కూతుళ్లూ అక్కర్లేదు.

నువ్వెప్పుడైనా ఆ దేశం వెళ్లి హోటల్లో కోడికూర అడిగితే పోయో అని చివర ఓకారం గట్టిగా పలుకు. ఆకారం పలికావో, వడ్డించేవాడు లోపలికెళ్లి వంటవాణ్ణి కూడా పిలుచుకొచ్చి మరీ నవ్వుతాడు. అదే చిలీ దేశంలో అయితే నిశ్చింతగా అనొచ్చు. అక్కడ పోయా అంటే లాటరీ. 1934 నుంచి సర్కారు లాటరీ పేరే పోయా చిలేనా. ఇంటికి పెద్దలైనవాళ్లు కూడా మొహమాటం లేకుండా కొంటారు. అర్హెంతీనాలో తోక లేకుండా ఒట్టి హిల్ అంటేనే మోసపోయే వెర్రివాడు, టాంగో పాటల్లో కూడా ఉంటాడు.

బూతు నోటికి రాకుండా తిట్టాలనుకునే మర్యాదస్తులు స్పెయిన్‌లోనూ ఉన్నారు. వాళ్లు హిలిపువెర్తాస్ అంటారు. పువెర్తాస్ అంటే తలుపులు! అనబోయింది అదేనని అందరికీ తెలుసు, అనలేదన్న తృప్తి అన్నవాడికి. మర్యాద అంటే చాలాసార్లు ఇంతే నాయనా. నియంత ఫ్రాంకో రోజుల్లో పుస్తకాలమీద సెన్సారు ఉండేది. కమీలో హొసే సేలా అనే రచయిత కుర్రతనంలో ఆ సెన్సారులోనే ఉద్యోగం చేశాడు. ఆయన నవల లా కొల్మేనాని స్పెయిన్‌లో వెయ్యనివ్వకపోతే 1951లో బువెనోస్ ఐరెస్‌లో అచ్చేసుకున్నాడు. తరవాత 1968లో బూతుమాటలకి రహస్య నిఘంటువని ఏకంగా సంపుటమే మొదలుపెట్టాడు. 1989లో నోబెల్ బహుమతీ వచ్చింది. కత్తెర పట్టిన చెయ్యే చివరికి ఆ ముక్కలన్నీ ఏరి దాచిపెట్టింది. 1981లో హవియేర్ క్రాహే అనే పాటగాడు ఒక ఫ్రెంచిపాటని స్పానిష్‌లోకి తెచ్చి పాడాడు. ప్రతిసారీ బహుమానం పట్టుకుని ఆలస్యంగా వెళ్లే ప్రేమికుడు, నేనెంత హిలిపోయాస్‌లా నిలబడ్డానో చూశావా అమ్మా, అని తల్లితో మొరపెట్టుకుంటాడు. తననే తాను అనుకున్నాడు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు, దేశమంతా కూడా పాడుకుంది.

ఇప్పుడు ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూడు. వాళ్లు ఏ కథ చెప్పుకున్నా, నవ్వింది ఎవరిని? మొదటిదాంట్లో పెళ్లికాని కూతుళ్ల తండ్రిని. రెండోదాంట్లో గొర్రెలకాపరిని. మూడోదాంట్లో లోకం తెలియని పచ్చివాణ్ణి, అదీ గూడు లేకుండా తరిమిన జనం మాటతో. మనమేం తక్కువ తిన్నాం? నోరు తిరిగితే వెధవా అంటాం. అది విధవే. మొగుడు పోయి, గాజులు పగలగొట్టించుకుని మూల కూర్చున్న ఆడమనిషి కష్టాన్ని తెచ్చి కోపంలో అందరిమీదా విసురుతున్నాం. తిట్టు పుట్టుక వెతుక్కుంటూ వెళ్తే తిట్టించుకున్నవాడి తప్పు దొరకదురా, తిట్టినవాళ్ల సంగతే బయటపడుతుంది. హిల్ దొర తన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నలుగురిలోకి వెళ్లాడు. ఆ కథ నిజమైనా అబద్ధమైనా అందులో నాకు వెర్రివాడు కనిపించడు, గోడకానుకుని వెకిలిగా నవ్విన కుర్రాళ్లే కనిపిస్తారు.

అసలు తిట్టనే వద్దని నేననను. తిట్టుకోకుండా ఏ ఊరూ నడవలేదు. కానీ ఈసారి నీ నోట ఆ మాట వచ్చినప్పుడు నీకంటే బలమున్నవాడి ఎదుట నిలబడి అను. వాడి దగ్గర నోరు మూసుకుని, నిన్నేమీ అనలేనివాడిమీద ప్రతాపం చూపించావనుకో, ఆ మాట ఎవరికి సరిపోతుందో మళ్లీ నన్ను అడగనక్కర్లేదు.